తుష్నాబాద్ జీపు

(సంఘం వార్షిక సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోను చేసి "అండమాన్ అనుభవాలు" అన్న విషయం మీద పావుగంట మాట్లాడమన్నారు. సెల్యులార్ జైలు గురించి, సముద్రం గురించి, పగడాల గురించి నాకంటె చక్కగా చెప్పేవారు ఈ హాల్లోనే పదిమంది ఉన్నారు. నేను ఈఎంఈలో వెహికల్ మెకానిక్‌ని. 1983లో చేరి, 2009లో హవల్దారుగా బయటికొచ్చాను. నాకు తెలిసినదల్లా బండి. కాబట్టి ఒక పాత జీపు గురించి చెబుతాను. అందులో అండమాన్ ఎలాగూ వస్తుంది. పావుగంట దాటితే గంట కొట్టండి, నొచ్చుకోను.

ఈఎంఈ వాళ్ళకి మన తెలుగు నేల పుట్టిల్లు లాంటిది. కోర్ పుట్టినది 1943 అక్టోబరు 15న. మా మిలటరీ కాలేజీ, ఒకటవ ఈఎంఈ సెంటరు రెండూ సికింద్రాబాదులోనే. నేను ఉత్తరాంధ్ర పల్లెటూరి నుంచి రేకు పెట్టె పట్టుకుని తిరుమలగిరిలో దిగినప్పుడు "ఇంత దూరం వచ్చానా" అని ఏడుపొచ్చింది. ఆ తరువాత లేహ్, తేజ్‌పూర్ చూశాక సికింద్రాబాదు మా పెరడులా అనిపించింది. అక్కడ మొదటి రోజు మా ఉస్తాదు నేర్పిన పాఠం: బండిని చూడ్డానికి ముందు దాని కింద నేలను చూడు. నేల మీద ఏ చుక్క పడిందో చూస్తే సగం రోగం తెలిసిపోతుందని. ఇంజను ఆయిలా, బ్రేకు ఆయిలా, నీళ్ళా. ఈ పాఠం గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను. నేనే మర్చిపోయాను కనుక.

సర్వీసులో నా చేతుల మీదుగా వెళ్ళిన బండ్లలో ఎక్కువ భాగం జోంగాలే. ఇక్కడ నవ్వుతున్న పెద్దలందరికీ జోంగా అంటే ఏమిటో తెలుసు. నిస్సాన్ వాళ్ళ పెట్రోల్ మోడల్‌ని మన జబల్‌పూర్ వెహికల్ ఫ్యాక్టరీలో 1969 నుంచి 1999 దాకా తయారు చేశారు. జబల్‌పూర్ ఆర్డ్‌నెన్స్ అండ్ గన్ క్యారేజ్ అసెంబ్లీ అన్న మాటల మొదటి అక్షరాలే ఆ పేరు. ఆరు సిలిండర్లు, దాదాపు నాలుగు లీటర్ల పెట్రోలు ఇంజను. కొండ ఎక్కమంటే ఎక్కేది, కానీ తాగినంత తాగేది. తొంభైలలో జిప్సీలు వచ్చాక అవి ఒకటొకటిగా బీఈఆర్ అయిపోయాయి. బీఈఆర్ అంటే సివిలు బంధువుల కోసం చెబుతున్నాను: బాగు చేయడానికయ్యే ఖర్చు బండి విలువను మించిపోయింది అని ముద్ర వేయడం. ఆ ముద్ర పడ్డ బండిని వేలం వేస్తారు. ఎన్ని బండ్ల కాగితాల మీద ఆ మూడక్షరాలు రాశానో లెక్కలేదు. రాసేటప్పుడు ఎప్పుడూ బాధ పడలేదు. అది ఉద్యోగం.

ఇక తుష్నాబాద్ సంగతి. నా చివరి పోస్టింగు పోర్ట్ బ్లెయిర్. ఆ ఊరి పేరు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అయింది, కానీ నా నోటికి ఇంకా పాత పేరే వస్తోంది, మన్నించాలి. మా అత్తవారు శ్రీకాకుళం వైపు నుంచి రెండు తరాల క్రితమే ఓడెక్కి అండమాన్ వెళ్ళిన వాళ్ళు. దక్షిణ అండమాన్‌లో, ఫెరార్‌గంజ్ తహసీలులో తుష్నాబాద్ అనే ఊళ్ళో మా మావయ్యకు వక్క తోట, కొబ్బరి తోట ఉన్నాయి. మీలో చాలామంది పోర్ట్ బ్లెయిర్లో పనిచేసినా ఈ ఊరు చూసి ఉండరు. హెర్బర్టాబాద్, తిరూర్ వెళ్ళే వైపు ఉంటుంది. బస్సెక్కితే గంట పైమాటే. చుట్టూ గుట్టలు, గుట్టల మీద వక్క చెట్లు, పల్లంలో వరి. ఊళ్ళో రాంచీ వాళ్ళున్నారు, బెంగాలీలు, మలయాళీలు, తమిళులు, మనవాళ్ళు కొన్ని గడపలు. అందరూ మాట్లాడేది అండమాన్ హిందీ. అందులో లింగభేదాలు పెట్టుకోరు, నాకు అది చాలా సుఖంగా ఉండేది.

అక్కడ వాన గురించి చెప్పాలి. ఏడాదికి 3000 మిల్లీమీటర్ల లెక్క. మే నెలలో మొదలై డిసెంబరు దాకా ఏదో ఒక రుతుపవనం పడుతూనే ఉంటుంది. మావయ్య ఇల్లు తారు రోడ్డు నుంచి గుట్ట మీదికి ముప్పావు కిలోమీటరు. మట్టి దారి. ఎర్రమట్టి తడిస్తే సబ్బు. వక్క బస్తాలు దించాలన్నా, ఎరువు ఎక్కించాలన్నా మనుషుల భుజాల మీదే. మావయ్యకు డెబ్భై దాటాయి, అత్తయ్యకు షుగరు, గుండె బలహీనం. వాళ్ళకు మగపిల్లలు లేరు. నాకు పెన్షను ఉంది, చేతిలో పని ఉంది. 2009లో మేము అక్కడే ఉండిపోయాం. ఉండిపోయిన మొదటి వానాకాలమే నాకు అర్థమైంది, ఈ గుట్టకు నాలుగు చక్రాలూ లాగే బండి కావాలని.

కొత్తది కొనే స్తోమత లేదు. 2012 ఫిబ్రవరిలో ఒక పాత మహీంద్రా జీపు అమ్మకానికి ఉందని తెలిసింది. 1987 మోడలు, ఎమ్మెమ్ 540. మొదట ఏదో సర్కారు శాఖలో తిరిగింది, వేలంలో ఒక కాంట్రాక్టరు చేతికొచ్చింది. డీజిలు ఇంజను, ప్యూజో వాళ్ళది, 2112 సీసీ. నాకు ఆ డీజిలే నచ్చింది. ఉప్పు గాలిలో, ఎడతెగని వానలో పెట్రోలు బండికి ప్లగ్గులు, పాయింట్లు, కాయిలు అని నూటొక్క జబ్బులు. పాత డీజిలు ఇంజనుకు ఒకసారి స్టార్టయితే కరెంటుతో పని లేదు.

మనూళ్ళలో జీపు అంటే ఒక దర్జా ఉండేది కదండీ. మా చిన్నప్పుడు ఊళ్ళోకి జీపొస్తే మూడే కారణాలు: ఎలక్షను, పోలీసు, కుటుంబ నియంత్రణ. పిల్లలం వెనకాల పరిగెత్తేవాళ్ళం, పెద్దవాళ్ళు కొందరు ముందు పరిగెత్తేవాళ్ళు. ఆ మోజు నాలో ఎక్కడో ఉండిపోయిందేమో, లేకపోతే ఇరవయ్యారేళ్ళు బండ్లు చూసిన మెకానిక్‌ని రంగు చూసి మోసపోవడమేమిటి?

అవును, మోసపోయాను. బండి ఆకుపచ్చ రంగు వేసి నిగనిగలాడుతోంది. అడుగున కూడా నల్లగా తారు పూత కొట్టి ఉంది. ఇంజను ఒక్క సెల్ఫుకే లేచింది, పొగ రంగు ఫరవాలేదు. మావయ్య మాత్రం చుట్టూ ఒకసారి తిరిగి, "ఏటల్లుడూ, ముసలిదానికి ఇంత సింగారమేటి?" అన్నారు. నేను నవ్వేశాను. నలభై అయిదు వేలు ఇచ్చి తోలుకొచ్చాను.

వారం తరువాత సీట్లు విప్పాను. సీటు చట్రం మూలల్లో మెత్తటి బూడిద రంగు ఇసుక. హెడ్‌లైటు బుడ్డిలో అదే ఇసుక. డ్యాష్‌బోర్డు కింద బోల్టులు చూశాను. ఒక ఎత్తు వరకు ఉన్న బోల్టులన్నీ పొరలు పొరలుగా తుప్పు. ఆ ఎత్తుకు పైనున్నవి దాదాపు శుభ్రంగా ఉన్నాయి. బండి చుట్టూ ఆ గీత ఒకే మట్టంలో నడుస్తోంది, ముందు నుంచి వెనక దాకా. వాన తుప్పు అలా ఉండదు. వాన పైనుంచి కారుతుంది, ఎక్కడ నిలిస్తే అక్కడ తింటుంది. మట్టంగా గీత గీసినట్టుంటే అది నిలవ నీరు. అక్కడ నిలవ నీరంటే సముద్రం.

2004 డిసెంబరు 26 గురించి ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. కార్ నికోబార్లో మన ఎయిర్‌ఫోర్సు కుటుంబాలకు ఏం జరిగిందో అందరికీ తెలుసు. దక్షిణ అండమాన్లో జరిగింది వేరే రకం. భూకంపానికి ఉత్తరాన డిగ్లీపూర్ వైపు నేల పైకి లేస్తే, దక్షిణాన ఇంచుమించు ఒక మీటరు కిందికి కుంగింది. సిప్పీఘాట్ లాంటి చోట్ల పంట పొలాల్లోకి సముద్రం వచ్చింది, వచ్చి వెళ్ళిపోలేదు, పోటుకూ పాటుకూ లోపలికీ బయటికీ తిరగడం మొదలెట్టింది. మా జీపు ఆ రోజుల్లో అలాంటి చోట ఎన్నాళ్ళో నిలబడి ఉంది. తరువాత కూపీ లాగితే అమ్మినతనే ఒప్పుకున్నాడు. "అడగలేదు కదా సాబ్" అన్నాడు. నిజమే, అడగలేదు.

నేనే సర్వీసులో ఉంటే ఆ రోజు సాయంత్రమే కాగితం మీద బీఈఆర్ అని రాసేవాణ్ణి. మా ఆవిడ కూడా, "ఇనుముకి అమ్మేస్తే సగం వస్తుందేమో" అంది. నేను ఎందుకు ఒప్పుకోలేదో ఇప్పటికీ సరిగా చెప్పలేను. మోసపోయానన్న రోషం కొంత. రిటైరై ఖాళీగా కూర్చున్న చేతులు కొంత.

ముందు తారు పూత గీకాను. దాని కింద ఛాసిస్ చూసేసరికి గుండె జారింది. కుడి వైపు పట్టాలో, వెనక కమాను కట్ట ముందర, సుత్తి కొసతో తడితే టంగుమనాల్సింది డబ్ అంది. ఇంకోసారి తట్టాను, సుత్తి లోపలికి పోయింది. పాత బండి కొనే తమ్ముళ్ళకు చెబుతున్నాను: సుత్తి పట్టుకుని వెళ్ళండి. రంగు అబద్ధమాడుతుంది, అడుగున తారు ఇంకా పెద్ద అబద్ధమాడుతుంది, చప్పుడు ఆడదు. ఇనుము మీద నేరుగా పూత వేస్తే మంచిదే. తుప్పు మీద వేస్తే తడిని లోపల బంధించి తుప్పుకి అన్నం పెట్టినట్టు.

ఛాసిస్ లోపల ఉప్పు పేరుకుని ఉంది. ఉప్పు ఉన్నంత కాలం ఏ వెల్డింగూ నిలవదు. గాలిలో తేమని అది లాక్కుంటూనే ఉంటుంది. బాడీ దింపేసి, ఛాసిస్‌ను రెండు దుంగల మీద పెట్టి, ఒక పక్క ఎత్తి, వానకు వదిలేశాను. మే, జూన్, జూలై. మూడు నెలలు ఆకాశం నుంచి ఉచితంగా మంచినీళ్ళు. రోజూ పొద్దున్న రబ్బరు గొట్టం లోపలికి దూర్చి వాన నీటితో కడిగేవాణ్ణి. కారే నీటిని నాలిక మీద పెట్టుకుని చూసేవాణ్ణి, ఉప్పగా ఉందా లేదా అని. ఊళ్ళో నాకు పిచ్చి అనే పుకారు అప్పుడే పుట్టింది. జూలై ఆఖరుకి చప్పగా వచ్చింది.

వెల్డింగు మా ఊరి మలయాళీ కాకా చేశారు. ఆయనకు నాకు ఒక రోజంతా వాదన. చెడిన ముక్క కోసి అడ్డంగా నిలువు గీతలో అతికేస్తే చాలంటారాయన. అడ్డంగా అతికితే బరువంతా ఆ ఒక్క గీత మీద పడి, కొన్నాళ్ళకు పక్కనే పగులుతుంది. మంచి ఇనుము దొరికేదాకా కోసి, పైన ఇంకో పట్టీ వేసి, ఆ పట్టీ చివర్లు చేప తోకలా ఏటవాలుగా కోసి వెల్డు చేయాలి. చివరికి ఆయన, "నీ బండి, నీ చావు" అని నేను చెప్పినట్టే చేశారు. చాలా బాగా చేశారు కూడా. ఆరాక లోపల వాడేసిన ఇంజను ఆయిలు డీజిలుతో కలిపి పిచికారీ కొట్టాం. పైన రెడాక్సైడు, దాని మీద రంగు. ఛాసిస్ ఇవాళ్టికీ నిలబడి ఉంది.

ఇంజను గురించి ఎక్కువ చెప్పను, అది మంచి పిల్ల. పంపు, నాజిళ్ళు పెట్టెలో పెట్టి విశాఖ ఓడలో మా బావకు పంపాను, ఇక్కడ కాలిబ్రేషను చేయించి తిరిగి పంపారు. విడిభాగాలతోనే అసలు కష్టం. అక్కడికి మేకు కూడా ఓడలోనే రావాలి. మద్రాసు నుంచి, కలకత్తా నుంచి ఓడలు తరచుగా వస్తాయి, విశాఖ నుంచి అరుదు. ఒక ఆయిలు సీలు తప్పు సైజు వచ్చిందంటే నెల పోయినట్టే. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం కింద కేబులు వచ్చేదాకా ఫోటో పంపడం కూడా గగనం. ఫోన్లో "బావా, లోపలి వ్యాసం ఇంత, బయటి వ్యాసం ఇంత, మందం ఇంత" అని అంకెలు అరిచి చెప్పేవాణ్ణి. ఆయన బ్యాంకు ఉద్యోగి. పాపం, ఏడాది తిరిగేసరికి నాకంటె బాగా కింగ్‌పిన్ను షిమ్ముల గురించి మాట్లాడేవారు.

ఇరుసుల్లో ఆయిలు తీస్తే పాల టీ వచ్చింది. నీళ్ళు కలిస్తే అంతే. ఇక్కడ ఒక్క విషయం వివరంగా చెప్పాలి, జిప్సీలు, థార్‌లు నడిపే కుర్రాళ్ళు వినండి. ఇరుసు గొట్టం పైన చిన్న గాలి రంధ్రం ఉంటుంది, బ్రీదరు. అది మట్టితో మూసుకుపోతే ఎవరూ పట్టించుకోరు. బండి పరిగెడితే ఇరుసు వేడెక్కుతుంది. ఆ వేడి ఇరుసుని చల్లటి వాగులో దింపితే లోపలి గాలి ఒక్కసారి కుంచించుకుంటుంది. రంధ్రం మూసి ఉంటే ఆ గాలి సీలు పెదవుల గుండా బయటి నీటిని పీల్చుకుంటుంది. తెరిచి ఉన్నా అది నీటిలో మునిగితే అంతే పని. అందుకని ఒక సన్నటి గొట్టం తగిలించి ఇంజను పక్క దాకా పైకి తీసుకుపోవాలి. ముప్పై రూపాయల గొట్టం. అది లేక డిఫరెన్షియల్ గేర్లు పాడైన బండ్లు సర్వీసులో ఎన్ని చూశానో.

ముందు ఇరుసులో కింగ్‌పిన్ను బేరింగులు పిండి అయిపోయాయి. చక్రం జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపితే దడదడమంది. అవి మార్చాం, క్రాసులు మార్చాం, కమాను బుష్షులు, టై రాడ్ చివర్లు, నాలుగు చక్రాలకీ బ్రేకు లైనర్లు, వీలు సిలిండర్లు, మాస్టరు సిలిండరు. ముందు చక్రాలకు పోయే బ్రేకు పైపులు కొత్తవి. వెనక్కి పోయే పొడుగు పైపు మాత్రం పాతదే ఉంచాను.

ఎందుకు ఉంచాను? చూడ్డానికి బాగానే ఉంది. కొత్త పైపు కట్ట విశాఖలో ఓడెక్కాల్సింది, ఓడ వాయిదా పడింది. 2013 మే నెలలో కాగితాలన్నీ సిద్ధమయ్యాయి. పదిహేనేళ్ళు దాటిన బండికి తనిఖీ చేయించి అయిదేళ్ళకొకసారి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి కదా, ఆ తేదీ వచ్చేసింది. తనిఖీలో బ్రేకులు బ్రహ్మాండంగా పట్టాయి. మావయ్య అడిగారు, "అదొక్కటి వదిలేసేవేటి?" అని. "పైపొచ్చాక వేస్తాను మావయ్యా, తొందరేం లేదు" అన్నాను. ఓడ వచ్చింది. పైపు కట్ట ఇంటికొచ్చింది. గోడకు మేకు కొట్టి తగిలించాను. వక్క కోతలు మొదలయ్యాయి, బండి రోజూ పనిలో ఉంది, వేద్దాం వేద్దాం అనుకుంటూనే జూలై వచ్చింది.

ఆ జూలైలో ఒక రాత్రి పదకొండు దాటాక అత్తయ్యకు ఛాతీలో నొప్పి. చెమటలు, వాంతి. బయట కుండపోత. ఫోనుకి సిగ్నలు లేదు. మా ఆవిడ, నేను, మావయ్య ముగ్గురం పట్టుకుని జీపు వెనక సీట్లో పడుకోబెట్టాం. మా ఆవిడ తల ఒళ్ళో పెట్టుకుంది. గుట్ట దిగాలి గనుక ఫోర్ వీలు, లో గేరు వేసి రెండో గేర్లో బయల్దేరాను. సగం దూరం దిగాక వంపు దగ్గర బ్రేకు తొక్కాను. ఒకసారి పట్టింది. రెండోసారి తొక్కితే పెడలు నేలకంటుకుంది.

ఇరవయ్యారేళ్ళలో ఎందరి బండ్లకో ఇలా జరగడం విన్నాను. నా కాలి కింద జరగడం అదే మొదలు. మా బండి మాస్టరు సిలిండరు పాత కాలపుది, ఒకటే గది. ఒక చోట పైపు తెగితే నాలుగు చక్రాల బ్రేకూ పోతుంది. మమ్మల్ని కాపాడినవి రెండు. ఒకటి లో గేరు. ఇంజనే బండిని పట్టుకుంది. రెండోది హ్యాండ్ బ్రేకు. ఆ పాత జీపుల్లో హ్యాండ్ బ్రేకు వెనక చక్రాలకు ఉండదు, ట్రాన్స్‌ఫర్ కేసు వెనక డ్రమ్ము మీద, అంటే షాఫ్టు మీదే పట్టుకుంటుంది. ఫోర్ వీలు వేసి ఉంటే ఆ ఒక్క డ్రమ్మే నాలుగు చక్రాలనీ పడుతుంది. లాగాను. బండి పక్కకు జారి గుట్ట వైపు మట్టి గట్టుకు ఆనుకుని ఆగింది. రెండో వైపు ఏముందో మా ఊరు వచ్చి చూస్తే తెలుస్తుంది, నేను చెప్పను.

టార్చి పట్టుకుని కిందకు దూరాను. ఛాసిస్‌కి పైపుని పట్టి ఉంచే క్లిప్పు ఒకటి ఉంటుంది. దాని కింద, కంటికి కనపడని చోట, అంగుళం మేర తుప్పు తినేసింది. క్లిప్పు తీసి చూసి ఉంటే తెలిసేది. మర్నాడు పొద్దున్న షెడ్డుకి వెళితే ఇంకోటి కనపడింది: బండి నిలబెట్టే చోట నేల మీద రూపాయి బిళ్ళంత తడి మచ్చ. దుమ్ము పేరుకున్న పాత మచ్చ. ఎన్ని రోజులుగా కారుతోందో. బండిని చూడ్డానికి ముందు నేలను చూడమని చెప్పిన ఉస్తాదు ఎక్కడున్నాడో గానీ, నాకు ఆ షెడ్డులో చెవి మెలేసినట్టయింది.

ఆ రాత్రి మాత్రం అనుకోవడానికి వ్యవధి లేదు. తెగిన చోటికి ముందర పైపుని పక్కర్‌తో నొక్కి, మడిచి, మళ్ళీ నొక్కి, ఇంకోసారి మడిచాను. దాంతో వెనక బ్రేకులు లేవు, కానీ ఆయిలు బయటికి పోదు. టూల్ పెట్టెలో బ్రేకు ఆయిలు డబ్బా ఉంది, అది మాత్రం మిలటరీ అలవాటు. పోశాను. గాలి తీయాలి. మావయ్యను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, "తొక్కండి, పట్టి ఉంచండి, వదలండి" అని కింద నుంచి అరుస్తున్నాను. వానలో నా మాట ఆయనకు వినపడదు. మా ఆవిడ మధ్యలో అందుకుని చెబుతోంది. వెనక అత్తయ్య మూలుగు. డెబ్భై దాటిన మనిషి, కాళ్ళు వణుకుతుండగా ముప్పై నలభై సార్లు తొక్కి ఉంటారు. ఒక్కసారి కూడా నన్ను ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేదని చాలా రోజులు అనుకున్నాను. ఇరవై నిమిషాలకు ముందు బ్రేకులు పట్టాయి.

తారు రోడ్డు మీద ఫోర్ వీలు వేయకూడదని నేనే అందరికీ చెబుతాను. మధ్యలో డిఫరెన్షియల్ లేని బండి ఇది. మలుపు తిరిగినప్పుడు ముందు చక్రాలు ఒక దూరం, వెనకవి ఒక దూరం తిరుగుతాయి, తేడా అంతా షాఫ్టుల్లో మెలిక పడి గేర్లు విరుగుతాయి. ఆ రాత్రి మాత్రం తారు మీద కూడా ఫోర్ వీలు తీయలేదు. లో నుంచి హై గేరుకి మార్చానంతే. వెనక బ్రేకు లేదు కదా. ముందు చక్రాలని బ్రేకు పడితే షాఫ్టుల ద్వారా వెనకవీ ఆగుతాయి. రోడ్డు తడిగా ఉంది, టైర్లు కొంచెం జారి ఆ మెలికను వదిలించుకుంటాయి. అలా ఇరవై, పాతిక స్పీడులో పోర్ట్ బ్లెయిర్ జీబీ పంత్ ఆసుపత్రికి చేరేసరికి రెండు కావస్తోంది. గుండెపోటేనన్నారు. సమయానికి తెచ్చారన్నారు డ్యూటీ డాక్టరు. నేను తల దించుకుని నిలబడ్డాను. ఆ సమయంలో ఇరవై నిమిషాలు నేను పోగొట్టినవని ఆయనకు తెలియదు.

అత్తయ్యను ఎనిమిదో రోజున ఇంటికి పంపారు. జీపు తీసుకెళ్ళాను, కొత్త పైపు వేసి. ఆవిడ బండిని చూసి, "నానెక్కను బాబూ" అంది. ఎంత చెప్పినా వినలేదు. టాక్సీ మాట్లాడాం, గుట్ట మీదికి కుర్చీలో మోసుకెళ్ళాం. 2019లో పోయేదాకా ఆవిడ మళ్ళీ ఆ జీపెక్కలేదు. నేను ఎదురైతే ప్రేమగానే మాట్లాడేది, దోసకాయ పప్పు చేస్తే నాకే ముందు వడ్డించేది. జీపు మాత్రం ఎక్కలేదు. ఎవరైనా అడిగితే "ఆ పొగ నాకు పడదు" అనేది. పొగ కాదని ఆవిడకు తెలుసు, నాకు తెలుసు.

ఆ తరువాత నేను చేసిన మొదటి పని సర్వీసులోలాగే ఒక కారు డైరీ పెట్టడం. రోజూ పొద్దున్న ఫస్ట్ పరేడ్. నేల, ఆయిలు, నీళ్ళు, బ్రేకు, టైరు, లైటు. పైపులన్నీ ఏడాదికొకసారి క్లిప్పులు తీసి చూడటం, బ్రేకు ఆయిలు రెండేళ్ళకొకసారి మొత్తం మార్చడం. బ్రేకు ఆయిలు గాలిలో తేమని తాగుతుంది, మా దీవుల్లో ఇంకా ఎక్కువ తాగుతుంది. ఆ నీరే పైపుని లోపలి నుంచి తింటుంది. మాస్టరు సిలిండరు కూడా రెండు గదులది తెప్పించి మార్చాను, ముందుకూ వెనక్కూ వేరువేరుగా. అది బిగించడానికి బ్రాకెట్టు నేనే కోసి చేసుకున్నాను.

ఇప్పుడు సర్కారు బండ్లయితే పదిహేనేళ్ళు దాటాక నడవడానికి వీల్లేదు, 2023 ఏప్రిల్ 1 నుంచి ఆ నిబంధన. సైన్యంలో ఆపరేషన్లకు వాడే ప్రత్యేక వాహనాలకు మినహాయింపు ఉంది. మా లాంటి ప్రైవేటు బండ్లకు పొడిగింపు ఉంది గానీ రుసుము 2022లో ఆరు వందల నుంచి అయిదు వేలయింది. ముసలి బండి ఉంచుకోవాలంటే ఖర్చే, నేను కాదనను. మా అబ్బాయి, "నాన్నా, ఈ డబ్బుతో సెకండ్ హ్యాండు కొత్త మోడలు వచ్చేది" అంటాడు. వాడి లెక్క తప్పు కాదు. డైరీ చివరి పేజీల్లో ఖర్చు అంతా రాశాను, మొత్తం మాత్రం కూడలేదు.

మావయ్య ఇప్పుడు ఎనభై అయిదు దాటారు. ఆదివారం ఆదివారం ముందు సీట్లో కూర్చుని తిరూర్ దాకా షికారు. బయల్దేరే ముందు కర్ర పట్టుకుని వంగి బండి కింద నేలను చూస్తారు. నేనెప్పుడూ నేర్పలేదు. ఆ రాత్రి తరువాత ఎప్పుడో మొదలెట్టారు. చూసి, "ఎండే ఉంది" అని ఎక్కుతారు.

గంట కొట్టేలా ఉన్నారు, ముగిస్తున్నాను. కానీ విశాఖ దాకా వచ్చాను గనుక ఒక స్వార్థం. ఆ ప్యూజో ఇంజనుకి హెడ్ గ్యాస్కెట్ ఒకటి, వెనక చక్రాలకి వీలు సిలిండరు కిట్లు రెండు కావాలి. కంచరపాలెం, గాజువాక వైపు పాత దుకాణాలు తెలిసినవారు ఎవరైనా ఉంటే టీ విరామంలో నన్ను కలవండి. కొలతలు జేబులో రాసుకొచ్చాను. ఓడ శుక్రవారం.